నాలుగో స్టేజి కిడ్నీ క్యాన్సర్: ఆపరేషన్ ఎప్పుడో రక్తాన్ని అడుగుదాం

(ప్రపంచ కిడ్నీ క్యాన్సర్ దినం సందర్భంగా రోగుల కుటుంబాలను, వైద్య విద్యార్థులను ఉద్దేశించి ఒక యూరాలజీ సర్జన్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పెద్దవాళ్లు కూర్చున్నారు, వెనకాల మెడికల్ కాలేజీ పిల్లలు ఉన్నారు. పెద్దవాళ్ల కోసం కొన్నిచోట్ల ఆగి విప్పి చెప్తాను, పిల్లలు ఓపిక పట్టండి.

విషయం ఇదీ. కిడ్నీలో గడ్డ ఉంది. స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి, లేదా ఎముకలోకి పాకింది. నాలుగో స్టేజి అన్నారు. అప్పుడు ఇంట్లోవాళ్లు రెండు జట్లవుతారు. ఒక జట్టు "మూలం కిడ్నీలోనే ఉంది కదా, ముందది తీసేయండి సార్" అంటుంది. ఇంకో జట్టు "కత్తి తగిలితే ఇంకా పాకుతుందట, ముట్టుకోకండి" అంటుంది. రెండో జట్టుకు ఇప్పుడే చెప్పేస్తున్నా, ఆ భయం అక్కర్లేదు. కత్తి తగిలినందుకు పాకడం అనేది ఇక్కడ మా లెక్కలో ఉండే సమస్య కాదు. మొదటి జట్టు అడిగేది మాత్రం అసలైన ప్రశ్న. దానికి మా యూరాలజీ వాళ్లమే ఇరవై ఏళ్ల వ్యవధిలో జవాబు మార్చుకున్నాం.

మామూలుగా ఏ క్యాన్సరైనా దూరం పాకిపోయాక, అది మొదట పుట్టిన అవయవాన్ని తీసేసే పని పెట్టుకోం. కిడ్నీ దగ్గర మాత్రం సర్జన్లకు ఒక పాత ఆశ ఉంది. చాలా అరుదుగా, నూటికి ఒకరు కూడా ఉండరు, కిడ్నీ తీసేశాక ఊపిరితిత్తుల్లోని మచ్చలు వాటంతటవే కరిగిపోయిన వాళ్లున్నారు. ఆ ఆశను పరీక్షకు పెట్టిన రెండు ట్రయల్స్ 2001లో వచ్చాయి, ఒకటి అమెరికాది, ఒకటి యూరప్‌ది. అప్పట్లో ఇచ్చేది ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షను. ఉత్త ఇంజెక్షను ఇచ్చినవాళ్లు అమెరికా ట్రయల్‌లో సగటున 8.1 నెలలు బతికితే, ముందు కిడ్నీ తీసి తర్వాత ఇంజెక్షను ఇచ్చినవాళ్లు 11.1 నెలలు బతికారు. నేను సగటు అంటున్నది మీడియన్ అని పిల్లలకు తెలుసు, సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది తక్కువ. మూడు నెలలు తేడా. ఆ మూడు నెలల మీదే పదిహేనేళ్లపాటు ప్రపంచమంతా కిడ్నీలు తీశాం.

తర్వాత మందులు మారాయి. 2006 ప్రాంతంలో సునిటినిబ్ వచ్చింది, నోటితో వేసుకునే మాత్ర. గడ్డకు రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే మందు. మందు ఇంత మెరుగయ్యాక కూడా కిడ్నీ తీయాలా అని ఫ్రాన్స్ వాళ్లు ప్రధానంగా నడిపిన ట్రయలే కార్మెనా. 2009లో మొదలుపెట్టి 2017 దాకా చేర్చుకుంటే 450 మంది వచ్చారు. ఫలితం 2018లో బయటపడింది. ముందు ఆపరేషన్ చేసి తర్వాత మాత్ర ఇచ్చినవాళ్లు 13.9 నెలలు, ఆపరేషన్ లేకుండా మాత్ర మొదలుపెట్టినవాళ్లు 18.4 నెలలు. ఆపరేషన్ మానేస్తే నష్టం లేదని తేలింది. మా సర్జన్ల సభల్లో ఆ ఏడాది ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. (నవ్వులు)

ఎందుకిలా అయింది? ఆపరేషన్ జట్టులో పడినవాళ్లలో దాదాపు 18 శాతం మందికి మాత్ర అసలు అందనే లేదు. కొందరు ఆపరేషన్ నుంచి కోలుకోలేదు, కొందరికి కోలుకునేలోపే జబ్బు ముదిరిపోయింది. పెద్ద కోత అంటే శరీరానికి నాలుగైదు వారాల పని. ఆ వారాల్లో క్యాన్సర్ ఊరుకోదు. కొందరికి నెమ్మదిగా నడుస్తుంది, కొందరికి పరుగెడుతుంది. పరుగెడుతున్న వాళ్లను బల్ల మీద పడుకోబెట్టి కోస్తే, వాళ్లకు మందు చేరాల్సిన సమయాన్ని మనమే తినేశాం అన్నమాట. కార్మెనాలో చేరినవాళ్లలో నలభై శాతానికి పైగా అలాంటివాళ్లే, ప్రమాదం బాగా ఎక్కువ ఉన్న వర్గం వాళ్లు.

కాబట్టి నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇంతే: ఈ మనిషిలో జబ్బు వేగం ఎంత, ఆపరేషన్‌కి ఖర్చయ్యే వారాలు ఈ మనిషి దగ్గర ఉన్నాయా, అన్నది ముందు తేలాలి. దాన్ని స్కాన్ ఒక్కటే చెప్పదు. స్కాన్ గడ్డ సైజు చెప్తుంది. వేగం గురించి రక్తం చెప్తుంది.

ఏ రక్తపరీక్ష? ఇక్కడ ఒక మాట. ప్యాకేజీలు చేయించుకుని వస్తారు, సీఈఏ, సీఏ 125, ఇంకేవో ట్యూమర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ జాడ చూపే రక్తపరీక్షలు. కిడ్నీ క్యాన్సర్‌కి రోజువారీ వైద్యంలో వాడే అలాంటి ప్రత్యేకమైన మార్కర్ ఇంకా లేదండీ. ఆ డబ్బు దాచుకోండి. మాకు కావలసింది మీ ఊరి ల్యాబులో కూడా చేసే సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, కాల్షియం, ఆల్బుమిన్ అనే ప్రొటీన్, కణాలు దెబ్బతింటే పెరిగే ఎల్‌డీహెచ్, కుదిరితే ఒంట్లో మంటను, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సీఆర్‌పీ.

1999లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి వాళ్లు 670 మంది రోగుల వివరాలు తీసి, ఎవరు ఎక్కువ కాలం బతికారు, ఎవరు తక్కువ అని వెనక్కి చూశారు. హిమోగ్లోబిన్ తక్కువ, కాల్షియం ఎక్కువ, ఎల్‌డీహెచ్ ఎక్కువ ఉన్నవాళ్లు ముందు పోయారు. పదేళ్ల తర్వాత, 2009లో, కెనడాకు చెందిన డేనియల్ హెంగ్ బృందం కొత్త మందులు వాడిన 645 మందిని చూసి ఆరు అంశాల పట్టీ తయారుచేసింది. ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడేది అదే, ఐఎండీసీ స్కోరు అంటారు. ఆరింటిలో రెండు మనిషిని చూసి, తేదీలు చూసి చెప్పేవి: ఒంట్లో ఓపిక తగ్గిందా, జబ్బు బయటపడ్డ ఏడాదిలోపే మందు అవసరమైందా. మిగతా నాలుగూ రక్తంలోవే. హిమోగ్లోబిన్ తగ్గడం, కాల్షియం పెరగడం, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరగడం, ప్లేట్‌లెట్లు పెరగడం. ఒక్కోదానికి ఒక్క పాయింటు. సున్నా అయితే మంచి వర్గం, ఒకటి రెండు అయితే మధ్య, మూడు, అంతకంటే ఎక్కువ అయితే చెడ్డ వర్గం. హెంగ్ లెక్కలో రెండేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మొదటి వర్గంలో 75 శాతం, మధ్యలో 53 శాతం, చివరి వర్గంలో 7 శాతం. అవి అప్పటి మందులతో వచ్చిన అంకెలు, ఇప్పటివి ఇంతకన్నా మెరుగు. అయినా ఆ తేడా చూడండి. కొన్ని వందల రూపాయల పరీక్షలవి.

ఈ నాలుగే ఎందుకు? ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

వేగంగా పెరిగే కిడ్నీ గడ్డ తన చుట్టూ మంట రేపుతుంది. చీము పట్టినప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టే, ఇక్కడ సూక్ష్మజీవులు లేకుండానే శరీరం యుద్ధంలో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. గడ్డా, దాని చుట్టూ చేరిన కణాలూ ఇంటర్‌ల్యూకిన్ 6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి. అది కాలేయానికి చేరుతుంది. కాలేయం సీఆర్‌పీ తయారుచేయడం పెంచుతుంది, ఆల్బుమిన్ తగ్గిస్తుంది. ప్లేట్‌లెట్లను పెంచే హార్మోను, థ్రాంబోపోయిటిన్, ఎక్కువ చేస్తుంది. అందుకే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. అదే కాలేయం హెప్సిడిన్ అనే ఇంకో పదార్థం వదులుతుంది. అది ఇనుమును నిల్వల్లోంచి బయటకు రానివ్వదు. గోదాము నిండా బియ్యం ఉంది, తలుపుకి తాళం వేసేశారు. ఎముక మూలుగకి ఇనుము అందదు, హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఇలాంటి మనిషికి ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగించినా పెద్దగా ఎక్కదు. న్యూట్రోఫిల్స్ కూడా ఈ మంట సంకేతాలతోనే మూలుగలోంచి ఎక్కువగా బయటికొస్తాయి.

కాల్షియం కథ వేరు. కొన్ని కిడ్నీ గడ్డలు పారాథైరాయిడ్ హార్మోనుని పోలిన ప్రొటీన్‌ను చేస్తాయి, అది ఎముకల్లోంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది. ఎముకలోకి క్యాన్సర్ పాకినా పెరగొచ్చు. దాహం, మలబద్ధకం, మనిషి మత్తుగా ఉండటం, వాంతులు. ఇంట్లోవాళ్లు "బెంగ పెట్టుకున్నాడు, అందుకే మాట్లాడటం లేదు" అనుకుంటారు. కాల్షియం 13 ఉంటే బెంగ లేకపోయినా మాట్లాడడు. సెలైన్, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇస్తే రెండు మూడు రోజుల్లో లేచి కూర్చున్నవాళ్లున్నారు.

1961లో మేయో క్లినిక్‌లో స్టాఫర్ అనే డాక్టరు ఇంకో వింత రాశారు. కాలేయంలోకి క్యాన్సర్ పాకనే లేదు, కానీ కాలేయ పరీక్షలు చెడిపోయి ఉన్నాయి. కిడ్నీ తీసేస్తే మామూలైపోయాయి. గడ్డ దూరం నుంచే కాలేయాన్ని నడిపిస్తోందని ఇప్పుడు మనకు అర్థమవుతోంది. ఈ సంగతి తెలిసిన సర్జన్‌కు ఒక ఆశ పుడుతుంది: గడ్డ తీసేస్తే మంట ఆరిపోతుంది కదా, రక్తం బాగుపడుతుంది కదా అని. కొందరిలో నిజంగా అవుతుంది కూడా. కానీ ఒంట్లో జబ్బు భారమంతా కిడ్నీలోనే ఉంటేనే అది జరుగుతుంది. భారంలో సగం ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో ఉంటే, కిడ్నీ తీశాక కూడా మంట రేపేవి లోపల మిగిలే ఉంటాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. హెంగ్ బృందమే 2014లో 1658 మంది వివరాలు ప్రచురించింది. కిడ్నీ తీసినవాళ్లు 20.6 నెలలు, తీయనివాళ్లు 9.5 నెలలు. చూడగానే ఆపరేషనే గెలిచినట్టుంది. విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఇవి వెనక్కి చూసిన లెక్కలు. ఏ సర్జన్ అయినా గట్టిగా ఉన్నవాళ్లనే ఆపరేషన్‌కి ఎంచుకుంటాడు. గట్టిగా ఉన్నవాళ్లు ఎలాగైనా ఎక్కువ కాలం బతుకుతారు. ఆ ఘనత కత్తి ఖాతాలో వేసుకోకూడదు. అయినా అందులో పనికొచ్చే ముక్క ఒకటి ఉంది. నాలుగు, అంతకంటే ఎక్కువ పాయింట్లు ఉన్నవాళ్లకు ఆ ఎంపిక లాభం కలిసి వచ్చినా కూడా ఆపరేషన్ వల్ల మేలు కనిపించలేదు. కార్మెనా వాళ్లు కూడా తర్వాత తమ రోగులను ఈ పట్టీతో విడదీసి చూశారు. ఒకే పాయింటు ఉన్నవాళ్లలో ఆపరేషన్ జట్టు కొంచెం ముందుంది, రెండు పాయింట్లు వచ్చినవాళ్లలో మాత్ర జట్టు స్పష్టంగా ముందుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. మొదటిసారి వచ్చినప్పుడే పాకి ఉన్న రోగికి ఏడాదిలోపు అన్న పాయింటు తప్పించుకోలేనిది. జబ్బు ఇవాళే తెలిసింది, మందు వచ్చే వారమే మొదలవ్వాలి. అంటే అందరూ ఒకటితోనే మొదలు. ఆ పైన రక్తంలో ఇంకొక్కటి చెడితే చాలు, రెండులోకి వెళ్లిపోతారు. మన నిర్ణయం మారిపోయేది ఆ ఒక్క పాయింటు దగ్గర.

అందుకే ఆ ఒక్క పాయింటు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలంటాను. పట్టీ కారణం అడగదు, అంకె మాత్రమే అడుగుతుంది. అది ఎక్కువగా కెనడా, అమెరికా ఆసుపత్రుల రోగుల మీద కట్టిన పట్టీ. మన దగ్గర? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. యాభై దాటగానే వాళ్లకు ఎవరూ రక్తం తెచ్చి పోయరు. అలాంటి తల్లికి కిడ్నీ క్యాన్సర్ వచ్చింది, హిమోగ్లోబిన్ 9.5 ఉంది. ఇది గడ్డ పెట్టిన మంట వల్లనా, ముప్పై ఏళ్లుగా అందరూ తిన్నాక మిగిలింది తినడం వల్లనా? పైగా ఇనుము తక్కువైతే ప్లేట్‌లెట్లు కూడా పెరుగుతాయి. అంటే క్యాన్సర్ దూకుడుతో సంబంధం లేకుండానే రెండు పాయింట్లు రావచ్చు. మూత్రంలో నెలల తరబడి రక్తం పోయినా ఇంతే.

దీన్ని తేల్చడం పెద్ద కష్టం కాదు. నిల్వలో ఉన్న ఇనుమును చెప్పే ఫెరిటిన్, రక్తంలో తిరిగే ఇనుమును చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, సీఆర్‌పీ కలిపి చూడాలి. ఫెరిటిన్ బాగా తక్కువ, సీఆర్‌పీ మామూలు అంటే అది ఇనుము కరువు. ఫెరిటిన్ ఎక్కువ, సీఆర్‌పీ ఎక్కువ అంటే తాళం వేసిన గోదాము. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు, అక్కడ శాచురేషన్ సాయం చేస్తుంది. పాయింటును కొట్టేయమని నేను చెప్పడం లేదు, అలా కొట్టేయడానికి ట్రయల్ ఆధారం లేదు. దాని పక్కన కారణం రాసుకోమంటున్నాను. డాక్టర్ల మీటింగులో "ఈమెకు మూడు పాయింట్లు, ఆపరేషన్ వద్దు" అని ఒక్క వాక్యంలో కొట్టిపారేసే ముందు ఆ కారణం చదవాలి.

న్యూట్రోఫిల్స్ కూడా అంతే. మెదడులో మచ్చ ఉందని డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టి, మర్నాడు సీబీపీ తీస్తే న్యూట్రోఫిల్స్ పెరిగే ఉంటాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతాయి. ఎల్‌డీహెచ్ అయితే, రక్తం తీసేటప్పుడో, శాంపిల్ మండలం నుంచి జిల్లా ల్యాబుకి ఎండలో వెళ్లేటప్పుడో కణాలు పగిలిపోతే అబద్ధంగా పెరుగుతుంది. మళ్లీ తీయించండి.

కాల్షియం దగ్గర దీనికి తిరగబడ్డ పొరపాటు జరుగుతుంది. రిపోర్టులో 9.8 ఉంది, మామూలే అని దాటేస్తారు. ఆల్బుమిన్ చూడరు. కాల్షియంలో సగం దాకా ఆల్బుమిన్‌ను పట్టుకుని ఉంటుంది. ఆల్బుమిన్ 2.4కి పడిపోతే లెక్క సరిచేయాలి: 4లోంచి 2.4 తీసేస్తే 1.6, దాన్ని 0.8తో గుణిస్తే సుమారు 1.3. అది కలిపితే కాల్షియం 11.1. ఆ మనిషికి ఇంకో పాయింటు ఉంది, కాగితం మీద కనపడలేదు. ఈ కూడిక ల్యాబు చేసి ఇవ్వదు, మనమే చేసుకోవాలి.

సరే, ఇప్పుడు పాయింట్లు ఎక్కువ వచ్చాయి. ఆపరేషన్ ఎప్పటికీ లేనట్టేనా? కాదు. సర్‌టైమ్ అని చిన్న ట్రయల్ ఒకటి, 99 మందే. ముందే కిడ్నీ తీయడం, మూడు కోర్సులు సునిటినిబ్ ఇచ్చి తర్వాత తీయడం, రెండూ పోల్చారు. వెంటనే చేసినవాళ్లు 15 నెలలు, ఆగి చేసినవాళ్లు 32.4 నెలలు. అంత చిన్న ట్రయల్ అంకెను నేను పూర్తిగా నమ్మను. కానీ అది చూపిన దారి నమ్ముతాను. మందు ఇస్తూ ఆగినప్పుడు మందుకు లొంగని జబ్బు బయటపడిపోతుంది, అలాంటివాళ్లు అనవసరమైన కోత తప్పించుకుంటారు. లొంగినవాళ్లకు ఆపరేషన్ మిగిలే ఉంటుంది.

ఈ ఆగే కాలంలోనే రక్తం ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. మొదటి రోజు అంకె కంటే మూడో నెల అంకె ఎటు కదిలిందన్నది ముఖ్యం. సీఆర్‌పీ 80 నుంచి 6కి దిగింది, ఆల్బుమిన్ పెరిగింది, ప్లేట్‌లెట్లు సర్దుకున్నాయి, స్కాన్‌లో మచ్చలు తగ్గాయి, కిడ్నీలో గడ్డ ఒక్కటే మిగిలింది. అలాంటి మనిషిని నేను సంతోషంగా ఆపరేషన్‌కి తీసుకుంటాను. సీఆర్‌పీ కదల్లేదు, హిమోగ్లోబిన్ ఇంకా పడింది అంటే మందు మార్చాలి, కత్తి వైపు చూడకూడదు. ఇమ్యూనోథెరపీ, అంటే మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే మందులు, వచ్చాక ఇదే ప్రశ్నను మళ్లీ మొదటినుంచి అడుగుతున్నారు. అమెరికాలో ప్రోబ్ అని, ఉత్తర యూరప్‌లో నార్డిక్ సన్ అని ట్రయల్స్ పెట్టారు. రెండింటిలోనూ ముందు మందు, ఆ తర్వాతే ఎవరికి ఆపరేషన్, ఎవరికి వద్దు అని చీటీ వేసినట్టు విడదీస్తారు.

కొత్త మార్కర్ల గురించి పిల్లలు అడుగుతారు కాబట్టి రెండు మాటలు. కిమ్ 1 అనే ప్రొటీన్ ఉంది, కిడ్నీ నాళికలు దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది, కిడ్నీ క్యాన్సర్‌లోనూ పెరుగుతుంది. యూరప్‌లో దాచిపెట్టిన పాత రక్తం శాంపిల్స్ చూస్తే, జబ్బు బయటపడటానికి ఏళ్ల ముందే కొందరిలో పెరిగి ఉంది. ఆపరేషన్ తర్వాత ఎవరికి తిరగబెడుతుందో చెప్పడానికి పనికొచ్చేలా ఉంది. కానీ క్యాన్సర్ లేకుండా కిడ్నీ దెబ్బతిన్నా పెరుగుతుంది కనుక ఉద్దానం లాంటి చోట దాన్ని చదవడం తేలిక కాదు. రక్తంలో తిరిగే క్యాన్సర్ డీఎన్‌ఏ పరీక్ష ఉంది, కిడ్నీ గడ్డలు డీఎన్‌ఏని రక్తంలోకి తక్కువగా వదులుతాయి. ఖర్చు పెట్టి చేయించుకోవాల్సిన అవసరం ఇప్పటికి నాకు కనపడటం లేదు.

రక్తం మాట పక్కన పెట్టాల్సిన సందర్భాలూ ఉన్నాయి. మూత్రంలో రక్తం ఆగకుండా పోతోంది, నొప్పి మందులకు లొంగడం లేదు. అప్పుడు పాయింట్లు లెక్కపెడుతూ కూర్చోం. రక్తనాళాన్ని మూసే ఎంబొలైజేషన్ చేస్తాం, లేదా కిడ్నీ తీసేస్తాం. ఉద్దేశం ఆయుష్షు పెంచడం కాదు, బాధ తగ్గించడం. అలాగే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష. రెండో కిడ్నీ బాగుందో లేదో చూడకుండా ఒక కిడ్నీ తీయడం గురించి మాట్లాడకూడదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మా నాన్నగారికి నాలుగు పాయింట్లు అన్నారు సార్. ఆపరేషన్ చేయబోమన్నారు. అంటే వదిలేసినట్టేనా?)

లేదమ్మా. ఆపరేషన్ ముందు చేయం అన్నారు, వైద్యం చేయం అనలేదు. మధ్య, చెడ్డ వర్గాల వాళ్లను కలిపి చూసిన చెక్‌మేట్ 214 ట్రయల్‌లో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యూనోథెరపీ మందులు కలిపి ఇచ్చినవాళ్లు సగటున 47 నెలల దాకా బతికారు, సునిటినిబ్ ఒక్కటే తీసుకున్నవాళ్లు 27 నెలల దాకా. అందులో మధ్య వర్గం వాళ్లే ఎక్కువ, ఆ సంగతి దాచను. కానీ మందులు పనిచేసేది చెడ్డ వర్గంలో కూడా. ఖర్చు పెద్దదే. ఏ మందు మీకు అందుబాటులో ఉంటుంది, ఏ పథకం కింద ఎంత వస్తుంది అని మెడికల్ ఆంకాలజిస్టును మొహమాటం లేకుండా అడగండి. మూడు నెలలయ్యాక "ఇప్పుడు పాయింట్లు ఎన్ని, ఇప్పుడు ఆపరేషన్ సంగతేంటి" అని మళ్లీ అడగండి. మీరు అడగకపోతే ఆ ప్రశ్న ఫైల్లోనే ఉండిపోవచ్చు.

(ఇంకో శ్రోత: మా అమ్మకి రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. ఇప్పుడు హిమోగ్లోబిన్ 11 ఉంది. పాయింటు తగ్గినట్టేనా?)

తగ్గినట్టు కాదు. అది దాతల రక్తం, మీ అమ్మగారి మూలుగ చేసింది కాదు. ఎక్కించకముందు తీసిన సీబీపీ ఏది? పాత ఆసుపత్రిలో అడిగి తెచ్చుకోండి. ఫెరిటిన్ కూడా ఎక్కించకముందు శాంపిల్ మీద చేసి ఉంటే మరీ మంచిది. ఎక్కించిన వెంటనే తీసిన ఇనుము లెక్కలు తికమక పెడతాయి, కొద్ది రోజులు ఆగి తీయించాలి. అప్పటిదాకా మందు మొదలుపెట్టడం మాత్రం ఆపొద్దు. రిపోర్టులు వెంట తెచ్చి ఉంటే పక్క గదిలోకి రండి, కాల్షియం, ఆల్బుమిన్ కలిపి చూద్దాం.